మూడు తొక్కుళ్ళకు సరిపడా

ఘాట్ దిగేటప్పుడు క్లీనరోడికి ఒకటే పని.
ఒళ్ళో కట్టె పెట్టుకుని
తలుపు సగం తెరిచి కూచోవడం.
అన్న దూకమంటే దూకాల.
చక్రం ముందర కట్టె తొయ్యాల.

వి.కోటలో నూటా ఎనభై బాక్సుల టమేటా ఎక్కించినాం.
తెల్లారేలోగా కోయంబేడు చేరాల.
పలమనేరు దాటేసరికి స్టీరింగు బరువెక్కింది,
కాడి కింద మెడ పెట్టనని మొండికేసిన ఎద్దులాగా.
చెంగల్రాయన్న బండాపి బ్రేకాయిల్ డబ్బా చూసినాడు.
నిండుగానే ఉండాది.
"టైర్లో గాలి తగ్గింటుందిలే" అన్నాడు.
నేను నోరు తెరవలేదు.

మొగిలి ఘాట్‌లో
మొదటిసారి తొక్కితే పట్టింది.
రెండోసారీ పట్టింది, కొంచెం ఆలోచించి.
మూడోసారి, అరకొరగా.
ఆ తర్వాత పెడలు రాయి.
అన్న రెండు కాళ్ళతో దాని మీద నిలబడిపోయినాడు.
"దూకరా!"
దూకినా. కట్టె పెట్టినా.
కట్టె విరిగింది. లారీ నిలిచింది.
ఏది ముందో ఇప్పటికీ తెలీదు.

అక్కణ్ణుంచి మురకంబట్టు దాకా
ఫస్టు గేరులో, పెళ్ళికూతురు నడిచినట్టు.

అమానుల్లా భాయ్ షెడ్డులో రొట్టె తింటాండాడు.
చెయ్యి కడక్కుండానే లేచొచ్చి
పెడలు కింద చాప ఎత్తి,
ఎడంచేతి వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఎన్నాళ్ళ నుంచి ఇది?"
అన్న నా దిక్కు చూసినాడు.

మూడు రోజుల నుంచి.
రోజూ పొద్దున్నే నేనే గుడ్డతో తుడిచినా.
టమేటా రసం అనుకున్నా.
మా బండిలో ఎరుపంటే ఇంకేముంటాది?

భాయ్ నవ్వలేదు. తిట్టనూ లేదు.
టార్చి నా చేతికిచ్చి కిందికి రమ్మన్నాడు.
"మీరు చూసిన డబ్బా వేరు, కారింది వేరు.
స్టీరింగు పంపు తోలే నూనే ఈ బూస్టర్ కూడా తాగేది.
తిప్పేదానికీ ఆపేదానికీ ఒకటే కుండ.
ఈ బుడ్డి చూడు,
పంపు చచ్చినా మూడు తొక్కుళ్ళకు సరిపడా దాచిపెడతాది,
అయిపోయిన గ్యాసు సిలిండర్ని పడుకోబెట్టి
ఇంకో పూట వండుకున్నట్టు.
మీరు ఆ పూట కూడా తినేసి వచ్చినారు."

పైపు విప్పకముందు మిగిలిందేమైనా ఉంటే ఖర్చు చెయ్యాలంట.
నన్ను సీట్లో కూచోబెట్టి తొక్కమన్నాడు.
తొక్కినా. ఇంకోసారి. ఇంకోసారి.
మొదటి నుంచీ రాయే.

"సీళ్ళు మార్చి పంపు భాయ్" అన్నాడు అన్న.
భాయ్ లోపలి కడ్డీ తీసి తుడిచి
దాని మీద నా గోరు పెట్టి లాగినాడు.
తట్టుకుంది. వెంట్రుకంత గీత.
"ఈ గీత మీద కొత్త సీలు నాలుగు దినాలు.
చెన్నైకి చదునే, పోతావు.
తిరిగొస్తావు, ఘాట్ ఎక్కుతావు.
మళ్ళా లోడుతో దిగాల కదా నాయనా."

ఓనరు నవనీతమ్మకు ఫోను.
ముందు సరుకు ఎంత నలిగిందని అడిగింది.
తర్వాత చానాసేపు ఏమీ వినపళ్ళేదు, ఫ్యాను చప్పుడు తప్ప.
"కొత్తది వెయ్యమను" అనింది.

భాయ్ బామ్మర్ది వేలూరు నుంచి
బూస్టర్ను బిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని
ఇంకొకరి బైకెనక కూచుని వచ్చేసరికి ఒంటిగంట.
నాలుగు బోల్టులు. రెండు తుప్పుకి వంగలేదు.
సుత్తి, కిరసనాయిలు, ఉర్దూలో ఏదో తిట్టు.

ఆనక స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు.
డబ్బాలో ఎర్రటి నురుగు.
"గాలి పోవాల. నురుగు చచ్చేదాకా తిప్పు."
నా భుజాలు చచ్చినాయి ముందు.

కోయంబేడులో వేలం ఎప్పుడో మొదలైంటుంది.
అన్న దాని మాటెత్తలేదు.
భాయ్ కూలీ తీసుకుని,
"నలిగిన బాక్సొకటి దించిపోండి, ఇంట్లో చారుకి" అన్నాడు.
షెడ్డు తలుపుకి అడ్డం పెట్టే చింతకట్టె
నా ఒళ్ళో పడేసినాడు, అడక్కుండానే.

బాక్సు దించుతాంటే చొక్కా మీద ఎర్రగా కారింది.
వేలు రాసి వాసన చూసినా.
టమేటానే.
అయినా ఇంకోసారి చూసినా.